నవ్వొద్దక్క స్కానర్లు

ఆ వీధిలో ఎవరి గుర్తింపు కార్డు బయటికి తీసినా అందులో ఒకే తీరు మొహం కనిపిస్తుంది. గడ్డం కాస్త పైకి, భుజాలు కిందికి, చూపు సూటిగా, పెదవులు బిగించి. ఆ మొహాలన్నీ తీసింది ఒక్క మనిషే. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి ఎవరొచ్చి కుర్చీలో కూర్చున్నా కెమెరా వెనక నుంచి ఆవిడ అనే మాట ఒకటే: "నవ్వొద్దు." నవ్వొద్దు అంటే ఎవరికైనా నవ్వు ఆగుతుందా? ఆగకపోతే "నవ్వొద్దన్నానా!" అని రెండో కేక. ఆ కేకకి ఎంతటి పెద్దమనిషైనా నోరు మూసుకోవాల్సిందే. అలా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎటు పోయిందో పోయి, నవ్వొద్దక్క అన్న పేరు నిలిచిపోయింది. పిల్లలూ అలాగే పిలుస్తారు, ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు.

ఆవిడకి ముక్కు మీద కోపం అన్న మాట నిజమే. కాకపోతే ఆ కోపానికి ఒక పద్ధతి ఉంది. తనని ఎవరైనా ఏమైనా అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. తన గదిని ఏమైనా అన్నారా, ఇక వాళ్ల పని అయినట్టే.

ఆ గది ఒక పాత బిల్డింగులో పై అంతస్తున ఉంది. వీధిలోంచి ఇరుకు మెట్లు. మెట్లకి చెక్క కమ్మీ, అందరి చేతులూ పడిపడి నున్నబడిపోయింది. పైకి వెళ్తే ముందు గదిలో ఒక బెంచీ, గోడకి అద్దం, అద్దం పక్కన మేకుకి తాడుతో కట్టేసిన దువ్వెన. తాడు ఎందుకంటే జనం తల దువ్వుకుని దువ్వెన జేబులో వేసుకుపోతారు. దాని వెనకది అసలు గది. పైకప్పులో ఒక పక్కన వాలుగా గాజు పలకలు వేయించి పోయాడు వాళ్ల నాన్న. వెలుతురు నేరుగా మనిషి మీద పడదు. ముందు ఎదురు గోడ మీద పడి, అక్కడ మెత్తబడి, అప్పుడు వచ్చి చెంప మీద వాలుతుంది. "ఇలాంటి వెలుతురు కావాలన్నా దొరకదే" అనేవాడాయన.

చిన్నప్పుడు బడి వదలగానే ఆవిడ అక్కడికే వచ్చేది. తెల్ల అట్ట పట్టుకుని నిలబడటం ఆవిడ పని. చెయ్యి కదిలితే ఎదుటి మనిషి మొహం మీద వెలుతురు కదులుతుంది, నాన్న కసురుతాడు. అన్నయ్య చేతికి అట్ట ఇస్తే మాత్రం కాస్సేపటికే గోడకి ఆనించి పారిపోయేవాడు. ఒకసారి అలా పారిపోతూ ఆ మెట్ల మీంచే దొర్లి కనుబొమ్మ చీల్చుకున్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఎడమ కనుబొమ్మని రెండు ముక్కలు చేస్తూ. ఎప్పుడు ఫోటో దిగినా అందులోంచి ఆ మచ్చ తీసేయించుకోవడం అన్నయ్యకి అలవాటు.

తీసేది పెదనాన్న. నాన్నకి స్వయానా అన్న. ఆ స్టూడియోలో టచింగ్ పని అంతా ఆయనదే. సన్నటి కుంచె, రంగు బిళ్లలు, చేతిలో భూతద్దం. మచ్చ, మొటిమ, ముడత, దుమ్ము చుక్క, ఏది కనపడినా కుంచె కొస తాకించి మాయం చేసేవాడు. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయినా ఆయన రావడం మానలేదు. పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, కిటికీ పక్కన వాలు బల్ల ముందు కూర్చుని, ఆవిడ ఇచ్చిన ప్రింటులో ఏదో ఒక చుక్క వెతికి పట్టుకునేవాడు. లేని చుక్కని కూడా పట్టుకునేవాడని ఆవిడ ఎగతాళి చేసేది.

నాన్న పోయాక అద్దె కాగితం మీద సంతకం పెట్టింది అన్నయ్య. కొడుకు కదా పెట్టాలి అన్నారు అందరూ. అన్నయ్యకి వేరే వీధిలో ఫ్యాన్లు, మోటార్లు అమ్మే కొట్టు ఉంది. గదిలో పనిచేసిందీ, పైకప్పు కారితే బకెట్లు పెట్టిందీ చెల్లెలు. ఆ రోజు సంతకం దగ్గర నోరెత్తి ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు. బస్సు డ్రైవరైన భర్త ఆ మాటే అంటాడు, అదీ ఏ పదిరోజులకో ఒకసారి ఇంటికొచ్చినప్పుడు.

తిప్పలు మొదలైంది కింది అంతస్తులో అద్దాలాయన దిగినప్పుడు.

ఆయన తెరిచింది కూడా ఫోటో స్టూడియోనే. ముందు భాగం మొత్తం గాజు గోడ, గాజు తలుపు, అందుకే ఆ పేరు. లోపల తెల్లటి సోఫాలు, నిలువెత్తు లైట్లు. తలుపు తీసి పట్టుకోవడానికి కోటు తొడిగిన ఒక పెద్దాయన. అద్దాలాయన దగ్గర ఫోటో తీయించుకున్నవాళ్లంతా ఒక తల్లి కడుపున పుట్టినట్టు వచ్చేవారు. మామ్మల మొహాల్లో ముడతలుండవు, తాతల ముక్కుల మీద పుట్టుమచ్చలుండవు. జనానికి అదే నచ్చిందో, సోఫాలే నచ్చాయో గానీ అటే పోయారు. పోతే పోనీ, ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఆయన బోర్డు మెట్ల దారి మీద దాకా పాకింది. రంగులు వేయడానికని కిందికి దించిన ఆవిడ బోర్డు మళ్లీ పైకి ఎక్కలేదు.

ఆవిడ బిల్డింగు యజమాని దగ్గరికి వెళ్లి అడిగింది.

"ముందు గోడంతా ఆయనకి రాసిచ్చేశానమ్మా" అన్నాడు యజమాని. "మేకు కొట్టకూడదు, కాగితం అంటించకూడదు. నన్ను ఇరకాటంలో పెట్టకు."

"మరి పైన స్టూడియో ఉందని జనానికి ఎలా తెలుస్తుందండీ? కలలోకొచ్చి చెప్పాలా?"

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి మెట్లు ఎక్కేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. అన్నయ్య వచ్చి బెంచీ మీద కూర్చుని, తాడు కట్టిన దువ్వెన అటూ ఇటూ ఊపుతూ అసలు సంగతి చెప్పాడు. అద్దాలాయన ఆ గది అడుగుతున్నాడట. ప్లాస్టిక్ పూలూ, వెనక తెరలూ దాచుకోవడానికి.

"ప్లాస్టిక్ పూలకా? నాన్న గదినా?"

"ఎవరూ ఎక్కని మెట్లు పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావే? వానలు వెలిసేదాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తాళంచెవి తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతా. కాగితం నా పేరు మీద ఉంది."

"పెట్టి చూడు" అంది చెల్లెలు.

అన్నయ్య వెళ్లిపోయాక ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మండుతూనే టీ తాగడానికి కిందికి దిగింది. టీ బండి దగ్గర జనం ఫోన్లు తీసి స్టిక్కరు మీద పెట్టి, టకటకా స్కాన్ చేసి డబ్బులు కట్టి పోతున్నారు. అరచేతిలో పట్టేంత స్టిక్కరు. నల్లచుక్కలు తప్ప ఇంకేం లేవు. ఆవిడ టీ చల్లారిపోయేదాకా దానివైపే చూసింది. యజమాని గోడ మీద బోర్డు వద్దన్నాడు. వీధిలో వద్దనలేదు. పైగా అరచేతిలో పట్టేదాన్ని బోర్డు అని ఎవడంటాడు?

అలాంటి క్యూఆర్ కోడ్ తయారుచేయడం ఫోన్లో చూసి తనే నేర్చుకుంది. స్కాన్ చేస్తే స్టూడియో అడ్రసు, ఏ ఫోటోకి ఎంత, ఎన్నింటికి తీస్తారు, అన్నీ ఫోన్లో వచ్చేట్టు పెట్టింది. పరీక్షగా స్కాన్ చేసి చూసింది. శుభ్రంగా వచ్చింది. తర్వాత ఆ స్టూడియోలో మొదట్నుంచీ ఉన్న పద్ధతిలోనే పని నడిపించింది. అంటే ఏదైనా సరే ముందు పెద్ద ప్రింటు తీసి, అట్టకి అంటించి, దాన్ని కెమెరాతో ఫోటో తీసి, ఆ ఫోటోలోంచి చిన్న కాపీలు వేయడం. ప్రింటుని పెదనాన్న బల్ల మీద పెట్టి, "అంచులు కోసి అట్టకి అంటించి ఉంచు పెదనాన్నా" అని చెప్పి, ఒక బడిలో పిల్లల గ్రూప్ ఫోటో తీయడానికి వెళ్లింది.

పెదనాన్న అంచులు కోశాడు. అట్టకి అంటించాడు. తర్వాత అలవాటు కొద్దీ భూతద్దం పెట్టాడు. మూలల్లో మూడు గళ్లు చక్కగా ఉన్నాయి. మిగతా అంతా దుమ్ము! ఎక్కడ చూసినా నల్లచుక్కలే. పిల్ల ఆదరాబాదరాగా ప్రింటు తీసి ఉంటుంది, అద్దం తుడవలేదు, నలుగురి ముందు పరువు పోతుంది అనుకున్నాడు. తెల్లరంగు కలిపాడు. సన్న కుంచె తీశాడు. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, చుక్క తర్వాత చుక్క, ఒక్కటి వదలకుండా శుభ్రం చేశాడు. మూడు గళ్లని మాత్రం కుదురుగా దిద్ది ఉంచాడు. ఆయన జీవితంలో చేసిన టచింగుల్లో అంత ఓపికగా చేసింది మరొకటి లేదు.

ఆవిడ తిరిగొచ్చేసరికి వెలుతురు తగ్గిపోతోంది. హడావుడిగా అట్టని ఫోటో తీసి, కట్టలకొద్దీ స్టిక్కర్లు వేసి, పొద్దున్నే వీధంతా పంచింది. సెలూన్లో అద్దం మూల, టైలరమ్మ మిషన్ పక్కన, మారు తాళాలు చేసే ఆయన పెట్టె మీద, టీ బండి కడ్డీకి. ముందుగా పరీక్షించింది కదా, మళ్లీ పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా నవ్వింది. ఏ ఫోన్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. కొందరు డబ్బులు కట్ అయ్యాయేమోనని బెదిరి బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. మూడు గళ్లున్న తెల్ల కాగితం చూసి, ఇదేం కొత్త ఆట అక్కా అని అడిగారు. పెదనాన్న టచింగ్ సంగతి బయటపడ్డాక ఇక ఆపతరమా? అద్దాలాయన స్వయంగా బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి, నలుగురూ వినేట్టు అన్నాడు: "మేడమ్, మీ పెద్దాయన స్కానర్‌కి కూడా ఫేషియల్ చేశారంట కదా!"

ఆవిడ మెట్ల మీదే ఆగింది. పెదనాన్న మీద కూడా కోపం తన్నుకొస్తోంది, దాచడమెందుకు. కానీ ఆ కోపం ఇంటిది. ఈ మనిషి చేతికి ఇచ్చేది కాదు.

"మా పెదనాన్న ఇన్నేళ్లలో పాడుచేసింది ఒక్క కాగితం. మీరు రోజూ పాడుచేసేవి మనుషుల మొహాలు. ముందు అవి చూసుకోండి" అని పైకి వెళ్లిపోయింది.

పైన పెదనాన్న కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుంటున్నాడు.

"రేపట్నుంచి రానమ్మాయ్. నా చేత్తో నీ కొంప ముంచాను."

"కూర్చో పెదనాన్నా."

"మచ్చ కనపడితే తీసెయ్యడం తప్ప నాకేం తెలుసే? అది మచ్చ కాదని ఎవరు చెప్పారు నాకు?"

"నేను చెప్పలేదు. నాదీ తప్పే. కూర్చోమన్నానా!"

నవ్వొద్దన్నప్పటి గొంతు అది. పెదనాన్న కూర్చున్నాడు. ఆవిడ తన ఫోన్ ఆయన చేతిలో పెట్టి, అసలు కోడ్ ముందు పట్టుకోమంది. ఫోన్ తెర మీద స్టూడియో అడ్రసు తేలింది. తర్వాత ఆయన బాగుచేసిన కాగితం ముందు పట్టుకోమంది. ఏమీ రాలేదు. పెదనాన్న దీన్ని ఒకసారి, దాన్ని ఒకసారి మార్చి మార్చి పెట్టి చూశాడు.

"ఆ చుక్కల్లోనేనా నీ మాటంతా ఉన్నది?" అన్నాడు చివరికి.

"ఆ చుక్కల్లోనే. ఇకమీదట స్టిక్కరు బయటికి పోయేముందు పలికిందో లేదో చూడటం నీ పని. పలకనిది గడప దాటకూడదు."

మర్నాడు ఆవిడ పాత స్టిక్కర్లు పీకడానికి సెలూన్‌కి వెళ్లింది. సెలూనాయన ఒకరి చెంపకి నురగ పూస్తూ, పళ్లికిలించాడు.

"అక్కా, నేను నాలుగుసార్లు పెట్టి చూశా. ఏం రాలేదు, నల్లటి తెర మీద నా మొహమే కనపడింది. పోనీలే, నవ్వొద్దక్క నా ఫోటోనే పెట్టిందేమో అనుకున్నా."

ఆవిడ స్టిక్కరు గోకడం ఆపేసింది.

"పెడితే?"

"ఏం పెడితే?"

"నీ ఫోటోనే పెడితే? స్కాన్ చేసినవాడికి నువ్వు కనపడితే?"

సెలూనాయన చేతిలో బ్రష్షు గాల్లో ఆగింది. నురగ పూసిన మనిషి కూడా తల తిప్పి చూశాడు. ధరల పట్టిక చూడటానికి ఫోన్ ఎవడు తీస్తాడు? ఎదురుగా ఉన్న మనిషి ఫోటోలో ఎలా ఉన్నాడో చూడటానికైతే ఎవడైనా తీస్తాడు. అంత చిన్న సంగతి మొదట్లోనే తట్టనందుకు ఆవిడ తనని తాను తిట్టుకుంది.

ఆ వారమంతా ఒక్కొక్కరిని పైకి రప్పించింది. పని దుస్తుల్లోనే రమ్మంది, పని సామాను చేత్తో పట్టుకురమ్మంది. సెలూనాయన భుజాన తువ్వాలు, చేతిలో కత్తెర. టైలరమ్మ మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. నవ్వొద్దని ఆవిడకి చెప్పే పనే లేకపోయింది, నవ్వితే సూదులు గుచ్చుకుంటాయి. మారు తాళాలాయన ఆకురాయి పట్టుకుని వచ్చాడు, వేళ్ల చివర్లు ఇనప రజనుతో నల్లగా ఉన్నాయి. చేతులు కడుక్కొస్తానన్నాడు. కడిగితే ఫోటో తీయనంది. గాజు పలకల్లోంచి వానవెలుతురు దిగి, ఎదురు గోడ మీద మెత్తబడి, ఆ చెంపల మీదా ఆ వేళ్ల మీదా వాలింది. ఏ మొహానికీ ఆవిడ టచింగ్ చేయలేదు. టైలరమ్మ కళ్లకింది నలుపు అలాగే ఉంచింది. తాళాలాయన పగిలిన గోరు అలాగే ఉంచింది.

ఒక్కొక్కరికీ ఒక్కో కోడ్. దాని కింద అక్షరాల్లో ఒకటే ముక్క: "ఈ మనిషిని నేను తీశాను. మెట్లెక్కి రండి." పెదనాన్న ప్రతి స్టిక్కరుకీ ఫోన్ పెట్టి, భూతద్దంలో చూసినంత శ్రద్ధగా చూసి, "పలికింది" అని పక్కన పెట్టాడు.

ఇక చూడాలి వీధి సంబరం. సెలూన్‌కొచ్చినవాడు వంతు కోసం కూర్చుని, ఏం తోచక స్కాన్ చేస్తే, ఎదురుగా కత్తెర ఆడిస్తున్న మనిషి ఫోన్లో ఎవరో గొప్పవాడిలా కూర్చుని కనపడతాడు. ఫోన్‌నీ మనిషినీ మార్చి మార్చి చూస్తాడు. "ఇది నువ్వేనా?" అంటాడు. "మరెవరు? మా తాతా?" అంటాడు సెలూనాయన, రొమ్ము విరుచుకుని. టైలరమ్మ మొగుడైతే భార్య మిషన్ పక్కన స్టిక్కరుని స్కాన్ చేసి, చాలాసేపు చూసి, టీ తెచ్చి ఇచ్చాడట. పెళ్లయ్యాక అదే మొదటిసారి అని టైలరమ్మ వీధంతా చాటింది. స్టిక్కరు లేని కొట్లవాళ్లు మొహం మాడ్చుకున్నారు. మా కొట్టేం పాపం చేసింది అక్కా అని మెట్లెక్కి వచ్చి మరీ అడిగారు. వాళ్ల వెనకే ఖాతాదార్లూ ఎక్కారు, ఖాతాదార్ల చుట్టాలూ ఎక్కారు. తాడు కట్టిన దువ్వెనకి మళ్లీ పని పడింది.

అద్దాలాయన ఊరుకునే రకమా? ఒక రోజు వీధి తెరుచుకునే ముందే మనుషుల్ని పంపి, ఆవిడ స్టిక్కర్ల మీద కొలతకి సరిగ్గా తన స్టిక్కర్లు అంటించేశాడు. పైకి చూస్తే తేడా తెలియదు. చుక్కలు చుక్కల్లాగే ఉంటాయి కదా. ఆ రోజు సెలూనాయన దూరపు చుట్టాన్ని పిలిచి, గర్వంగా "ఫోన్ పెట్టి చూడు బావా" అన్నాడు. బావ ఫోన్లో తెల్ల సోఫా మీద ఎవరో నున్నటి పెళ్లికొడుకు తేలాడు, పక్కన సగం ధర అని మెరుస్తూ అక్షరాలు.

"ఇది నువ్వేనా?" అన్నాడు బావ, ఈసారి వేరే గొంతుతో.

సెలూనాయనకి కళ్లు ఎర్రబడ్డాయి. గడ్డం గీసే కత్తి తీసుకుని అద్దం మూలన ఉన్న స్టిక్కరుని, కిందిది చిరగకుండా, పైపొర మాత్రం గీరేశాడు. అదే కత్తి పట్టుకుని వీధిలో పడ్డాడు. టైలరమ్మ దగ్గర గీరాడు, తాళాలాయన పెట్టె మీద గీరాడు, టీ బండి దగ్గర గీరాడు. గీరిన తుక్కంతా దోసిట్లో పట్టుకెళ్లి గాజు తలుపు ముందు పోసి, "మా మొహాల మీద నీ మొహం అంటిస్తావేంటయ్యా!" అని అరిచాడు. నవ్వొద్దక్కని ఎవరూ పిలవలేదు. జరిగిందేమిటో ఆవిడకి తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆవిడ అంత తృప్తిగా టీ తాగి చాలాకాలమైంది.

అది చూసినవాళ్లలో గాజు తలుపు పట్టుకునే పెద్దాయన కూడా ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని గొడుగు తాత అంటారు. వాన పడుతుంటే కారులోంచి దిగినవాళ్లకి గొడుగు పట్టి తలుపు దాకా తీసుకురావడం ఆయన పని. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, కోటు విప్పకుండానే మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, ఆ గాజు తలుపు తెరిచినప్పట్నుంచీ పట్టుకుని నిలబడ్డా. లోపల రోజూ ఎంతమందిని తీస్తారో! నన్ను ఒక్కరోజు కూడా, తాతా నువ్వూ రా అనలేదు. నాది తీస్తావా?"

"గొడుగు తెచ్చావా?"

"తెచ్చా."

"అయితే కూర్చో తాతా."

తీసింది. పెదనాన్న స్టిక్కరు చూసి పలికిందన్నాడు. ఎక్కడ అంటించాలని ఆవిడ అడిగితే తాత గొడుగు విప్పి చూపించాడు. మడిచినా విప్పినా కనపడేట్టు, అంచుకి దగ్గరగా ఆయనే అంటించుకున్నాడు. తడవకుండా పైన ప్లాస్టిక్ టేపు వేశాడు.

వానలు వెలిశాయి అనుకుంటుండగా వచ్చే ఆఖరి వాన ఒకటి ఉంటుంది. ఆ వాన రోజునే అన్నయ్య వచ్చాడు. కొద్దిరోజులుగా మెట్ల మీద జనం తిరుగుతున్నారని ఎవరో చెప్పినా చెవిన వేసుకోలేదు. చెల్లెలి గొప్పలు అనుకున్నాడు. మాట ఇచ్చిన ప్రకారం తాళంచెవి జేబులో వేసుకుని నేరుగా గాజు తలుపు దగ్గరికే వెళ్లాడు. అద్దాలాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడి మాట్లాడుకుంటున్నారు.

అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. గొడుగు తాత గొడుగు విప్పుకుని వెళ్లాడు. తల్లీ కూతురూ దిగారు. నాలుగడుగులు వేసేలోపు కూతురు కళ్లు గొడుగు అంచున పడ్డాయి. ఫోన్ తీసింది. చూసింది. తల్లికి చూపించింది. ఇద్దరూ తలెత్తి గొడుగు పట్టిన మనిషిని అప్పుడు చూశారు, ఆయన గడ్డాన్నీ, కోటు గుండీలనీ, తడిసిన భుజాన్నీ.

"ఈ మెట్లేనా తాతా?" అంది కూతురు.

"ఈ మెట్లే తల్లీ. చూసుకుని ఎక్కండి, జారుతుంది."

ఇద్దరూ గాజు తలుపుని దాటి మెట్లెక్కి వెళ్లిపోయారు. అద్దాలాయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏంటది? పీకెయ్ దాన్ని! నా తలుపు దగ్గర నిలబడి నా బేరం పైకి పంపుతావా?"

తాత గొడుగు మడిచి, నీళ్లు విదిలించి, మెల్లగా చెప్పాడు.

"తలుపు మీదయ్యా. కోటు కూడా మీదే, విప్పమంటే ఇప్పుడే విప్పేస్తా. గొడుగు మాత్రం నాది. ఒకటి కొనిపెట్టమని అడిగితే ఇంట్లోంచి తెచ్చుకోమన్నారు. తెచ్చుకున్నా."

వాన చినుకులకి చూరు కింద నిలబడ్డ జనమంతా వింటున్నారు. సెలూన్ గుమ్మంలో మనిషి కత్తెర ఆపి చూస్తున్నాడు. టైలరమ్మ టేపు మెడలో వేసుకుని రోడ్డు మీదికే వచ్చేసింది. ఈ గొంతులు విని నవ్వొద్దక్క మెట్లు దిగి వచ్చి, ఆఖరి మెట్టు మీద నిలబడింది. అన్నయ్య చేతిలో తాళంచెవి చూసింది.

"ఇచ్చెయ్ అన్నయ్యా, ఎందుకు ఆలోచిస్తావ్? మారు తాళాలాయన మా మనిషే. నువ్వు తాళం మార్చినకొద్దీ నేను చెవి చేయించుకుంటూనే ఉంటా. తాత కోటు విప్పితే తాత కూడా పైనే కూర్చుంటాడు. నాన్న గదిలో ప్లాస్టిక్ పూలు పెట్టాలంటే ముందు నన్ను కుర్చీతో సహా కిందికి దింపాలి. దింపుతారా?"

అద్దాలాయన జనం వైపు చూసి, అన్నయ్య వైపు చూసి, ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు. తలుపు తనే తీసుకోవాల్సి వచ్చింది.

అన్నయ్య మాత్రం అక్కడే నిలబడ్డాడు. కాస్సేపటికి జేబులోంచి ఫోన్ తీసి, తాత మడిచి పట్టుకున్న గొడుగు మీద పెట్టాడు. తెర మీద తాత తేలాడు. నాన్న గది వెలుతురులో, ఎదురు గోడ తెలుపు ఒక చెంప మీద పడుతూ. చిన్నప్పుడు తను ఓపిక పట్టలేక గోడకి ఆనించి పారిపోయిన తెల్ల అట్ట గుర్తొచ్చిందో ఏమో, చాలాసేపు చూశాడు.

"నాది కూడా తియ్యవే" అన్నాడు.

"వరసలో నిలబడు" అంది చెల్లెలు, వెనక్కి తిరిగి మెట్లెక్కుతూ.

నిలబడ్డాడు. తల్లీ కూతుళ్ల తర్వాత, ఇంకెవరో ముసలాయన తర్వాత, బెంచీ చివర ఒదిగి కూర్చుని, వంతు వచ్చాక తాడు కట్టిన దువ్వెనతో తల దువ్వుకుని కుర్చీలోకి వెళ్లాడు. మొహమాటంతో నవ్వబోయాడు.

"నవ్వొద్దు!"

ఫోటో అయ్యాక ప్రింటు చేతికొచ్చింది. అన్నయ్య దాన్ని వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలుగా కనపడుతోంది. అలవాటు ప్రకారం కిటికీ పక్కన వాలు బల్ల దగ్గరికి వెళ్లి, ప్రింటునీ దాని పక్కనే తాళంచెవినీ పెట్టి, "ఆ మచ్చ కాస్త తీసెయ్ పెదనాన్నా" అన్నాడు.

పెదనాన్న భూతద్దం పెట్టి మచ్చని చూశాడు. కుంచె తీయలేదు. తాళంచెవి తీసి తన సొరుగులో వేసుకుని, ప్రింటుని అన్నయ్య వైపు వెనక్కి నెట్టాడు.

"తియ్యనురా. ఒకసారి తీసి చూశాను. పలకలేదు."